తీసింది ఒకటి, చదివింది ఇంకొకటి

తెలంగాణలోని 33 జిల్లాల మీద పిల్లల కోసం ఒక క్విజ్ ప్రోగ్రామ్ రాయాలనుకోండి. పైథాన్‌లో జిల్లా అనే క్లాస్ పెట్టి, ఒక్కో జిల్లాకు పేరు, కేంద్రం, జనాభా అనే ఆట్రిబ్యూట్లు ఇచ్చి, 33 ఆబ్జెక్టులనూ ఒక లిస్ట్‌లో చేర్చారు. ఇక మిగిలింది ఆ లిస్ట్‌లోంచి ర్యాండమ్‌గా ఒకదాన్ని తీసి పేరు చూపించడం, పిల్లవాడి జవాబును దాని కేంద్రంతో సరిచూడడం. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది రాసే వరుస ఇలా ఉంటుంది. చదవడానికి వీలుగా కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

ప్రింట్(ర్యాండమ్.చాయిస్(జిల్లాలు).పేరు, ర్యాండమ్.చాయిస్(జిల్లాలు).కేంద్రం)

ఇది నడుస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. కాకపోతే జోగులాంబ గద్వాల జిల్లాకు కేంద్రం సిరిసిల్ల అంటుంది. చాయిస్ ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ అది కొత్తగా లాటరీ తీస్తుంది. ఇందాక ఏ జిల్లా ఇచ్చిందో దానికి గుర్తుండదు. పై వరుసలో రెండుసార్లు పిలిచాం కనుక రెండు జిల్లాలు వచ్చాయి, ఒకదాని పేరూ మరోదాని కేంద్రమూ పక్కపక్కన పడ్డాయి. రెండుసార్లూ ఒకే జిల్లా వచ్చే అవకాశం 33లో ఒకటి. చేయాల్సిందల్లా ఒక్కసారి తీసి, తీసినదానికి ఒక పేరు పెట్టుకుని, ఆ పేరుతోనే అన్నీ అడగడం.

తీసినది = ర్యాండమ్.చాయిస్(జిల్లాలు)
ప్రింట్(తీసినది.పేరు, తీసినది.కేంద్రం)

33 జిల్లాలతో నడిపితే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. కానీ కోడ్ రాసేవాళ్లెవరూ మొదటే 33 పెట్టరు, రెండు పెట్టి చూస్తారు. రెండింటితో నడిపితే సగం సార్లు సరైన జవాబే వస్తుంది. ఒక్కదానితో నడిపితే ఎప్పుడూ సరైనదే. చిన్న లిస్ట్‌తో పరీక్షించడం మంచి అలవాటే అయినా, ర్యాండమ్ ఎంపిక దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది. పైగా గద్వాల, సిరిసిల్ల అంటే తెలిసినవాళ్లు పట్టుకుంటారు. అదే ఒక లక్కీ డ్రాలో గెలిచినవారి పేరు, ఫోన్ నంబరు అయితే? పేరు ఒకరిది, నంబరు ఇంకొకరిది అని చూడగానే చెప్పగలిగేవాళ్లెవరూ ఉండరు.

ర్యాండమ్ అనే మాట వినగానే అందరి దృష్టీ లాటరీ తీసే యంత్రం మీదికి పోతుంది. అంకెలు నిజంగా ర్యాండమ్‌గా వస్తున్నాయా, ఎవరైనా ముందే ఊహించగలరా అని. అవి పట్టించుకోవలసిన ప్రశ్నలే. అయితే ఈ పని మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా పరిశీలిస్తే తప్పులు ఎక్కువగా యంత్రానికి అటూ ఇటూ జరుగుతున్నాయన్నది నా అభిప్రాయం. లిస్ట్‌లో ఏం వేశాం, తీసినదాన్ని ఎలా పట్టుకున్నాం అన్న రెండు చోట్లా జరిగేవి యంత్రంలోని లోపాలకంటే ఎక్కువ, చాలాసార్లు ఎక్కువ ఖరీదైనవి కూడా.

ముందు పట్టుకోవడం సంగతి చూద్దాం. పైథాన్ లిస్ట్‌లో ఆబ్జెక్టులు నేరుగా ఉండవు, వాటి ఆచూకీ ఉంటుంది. లిస్ట్ దగ్గర ఉండేది ఇల్లు కాదు, ఇంటి నంబరు. చాయిస్ మనకిచ్చేదీ ఆ నంబరే. కాబట్టి తీసినదాని ఆట్రిబ్యూట్‌ను మారిస్తే లిస్ట్‌లోని ఆబ్జెక్టే మారిపోతుంది. క్విజ్‌లో ఒకసారి అడిగిన జిల్లాకు ‘అడిగాం’ అని గుర్తు పెట్టుకోవాలంటే ఇది వరం. ఆటలో ఒక శత్రువును ర్యాండమ్‌గా పుట్టించి దెబ్బ కొట్టినప్పుడల్లా బలం తగ్గించాలంటే మాత్రం ఇదే శాపం. మూలంలో ఉన్న నమూనా బలమే తగ్గిపోయి, రెండోసారి పుట్టే శత్రువు ముందే సగం చచ్చి వస్తాడు. అలాంటిచోట తీసినదాన్ని కాపీ చేసుకోవాలి. ఆబ్జెక్ట్ లోపల ఇంకో లిస్ట్ ఉంటే పైపై కాపీ సరిపోదు, డీప్ కాపీ కావాలి. లిస్ట్‌ను ఐదుతో గుణించి ఐదుగురు ఆటగాళ్లు వచ్చారనుకోవడం ఇంకో రకం పొరపాటు. అక్కడ ఐదు స్థానాల్లోనూ ఉన్నది ఒకే ఆటగాడు. ఎవరిని తీసినా వాడే వస్తాడు, ఒకరి స్కోరు పెంచితే ఐదుగురిదీ పెరుగుతుంది.

లిస్ట్‌లో ఆబ్జెక్టుల బదులు వాటి పేర్లు వేయడం కూడా తరచుగా కనిపిస్తుంది. గద్వాల, సిరిసిల్ల అని కొటేషన్లలో రాస్తే అవి ఉత్త అక్షరాలు. వాటిలోంచి ఒకటి తీసి కేంద్రం ఏమిటని అడిగితే, స్ట్రింగ్‌కు అలాంటి ఆట్రిబ్యూట్ లేదని పైథాన్ మొహాన కొట్టినట్టు చెబుతుంది. పేరూ ఆబ్జెక్టూ ఒకటేనన్న భ్రమ ఈ ఒక్క ఎర్రర్‌తో తీరిపోవాలి, కానీ తీరదు. ఎవాల్ వాడి పేరును ఆబ్జెక్టుగా మార్చే అడ్డదారి వెతుక్కునేవాళ్లున్నారు. బయటి నుంచి వచ్చిన అక్షరాలను కోడ్‌గా నడిపే ఆ దారి తొక్కకపోవడమే మంచిది. పేరుతో వెతకాల్సిన అవసరం నిజంగా ఉంటే డిక్షనరీ ఉంది. ఏ ఆట్రిబ్యూట్ అడగాలో కూడా ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే తేలాలంటే గెట్‌ఆట్ర్ ఉంది. ఒకసారి కేంద్రం, ఒకసారి జనాభా అడిగే క్విజ్‌లో ఆబ్జెక్టునూ ప్రశ్ననూ రెండింటినీ ర్యాండమ్‌గా తీసి గెట్‌ఆట్ర్‌తో కలపవచ్చు.

సరిగా తీసినా కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఆబ్జెక్టును నేరుగా ప్రింట్ చేస్తే పేరు రాదు, ఫలానా క్లాస్ ఆబ్జెక్ట్, ఫలానా చోట ఉంది అంటూ ఒక పొడవాటి సంఖ్య వస్తుంది. అది ఎర్రర్ కాదు, తనను ఎలా పరిచయం చేసుకోవాలో ఆ క్లాస్‌కు ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన జవాబు. 2018లో వచ్చిన పైథాన్ 3.7తో డేటాక్లాస్ అనే సదుపాయం చేరింది. ఆట్రిబ్యూట్లను రకాలతో ప్రకటించి, క్లాస్ మీద ఆ ఒక్క మాట పెడితే అవన్నీ చదవగలిగేలా ప్రింట్ అవుతాయి. ఇక్కడ పైథాన్‌కు ఒక మార్కు ఎక్కువ వేస్తాను, అది లేని ఆట్రిబ్యూట్ అడిగితే ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ అలా ఆగదు, ‘అన్‌డిఫైన్డ్’ అని నెమ్మదిగా చేతిలో పెట్టి ముందుకు సాగిపోతుంది. ర్యాండమ్ కోడ్‌లో తప్పు అన్నిసార్లూ కనిపించదు కనుక, కనిపించిన ఆ ఒక్కసారైనా గట్టిగా అరిచే భాష మేలు.

పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్‌లో ఒకదానిలా ఒకటి ఉండే ఫంక్షన్లు నాలుగున్నాయి. చాయిస్ ఒక ఆబ్జెక్టును ఇస్తుంది. 2016 చివర్లో వచ్చిన 3.6తో చేరిన చాయిసెస్, ఒక్కటే అడిగినా, లిస్ట్‌లో పెట్టి ఇస్తుంది. ఆ లిస్ట్‌ను పట్టుకుని పేరు అడిగితే లిస్ట్‌కు పేరు లేదన్న ఎర్రర్ వస్తుంది. ఆఖరున ఒక్క అక్షరం తేడాతో ఇలాంటి జంటను పెట్టడం గొప్ప ఆలోచన కాదు. శాంపిల్ కూడా లిస్టే ఇస్తుంది కానీ ఒకసారి తీసినదాన్ని మళ్లీ తీయదు, చాయిసెస్ మాత్రం తీసినదాన్ని వెనక్కి వేసి తీస్తుంది. ముగ్గురు విజేతలను చాయిసెస్‌తో తీస్తే ఒకరికే రెండు బహుమతులు పోవచ్చు. షఫుల్ లిస్ట్‌ను అక్కడికక్కడే కలిపేసి చేతిలో ఏమీ పెట్టదు, దాని ఫలితాన్ని వేరియబుల్‌లో దాచుకున్నవాళ్లకు మిగిలేది ‘నన్’. ఖాళీ లిస్ట్ ఇస్తే చాయిస్ ఇండెక్స్ ఎర్రర్ ఇస్తుంది. సెట్ ఇస్తే స్థానాల లెక్క లేనిదాంట్లోంచి తీయలేనని ఆగిపోతుంది. శాంపిల్ కొన్నాళ్లు సెట్‌ను ఒప్పుకునేది, 3.11 నుంచి అదీ మానేసింది.

మధ్యలో ఒక చిన్న మాట. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. పైన రాసిన ‘తీసినది’, ‘జిల్లాలు’ రెండూ చెల్లుతాయి. ఒక్క చిక్కుంది. పొల్లు అక్షరం తర్వాతి హల్లుతో కలిసిపోకుండా కీబోర్డులు చొప్పించే కనిపించని గుర్తును మాత్రం పైథాన్ ఒప్పుకోదు. తెర మీద ఏ తప్పూ కనబడకుండానే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పాలనుకునేవాళ్లు పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

మళ్లీ క్విజ్‌కు వద్దాం. అడిగిన జిల్లానే మళ్లీ అడగకూడదంటే ‘అడిగాం’ గుర్తు చూసి, కాకపోతే మళ్లీ తీసి, మళ్లీ చూసే కోడ్ చాలామంది రాస్తారు. మొదట్లో అది బాగానే నడుస్తుంది. 32 అడిగేశాక మిగిలిన ఒక్కదాని కోసం సగటున 33 సార్లు లాటరీ తీయాలి. లిస్ట్‌ను ఒకసారి కలిపేసి చివరి నుంచి ఒక్కొక్కటి తీసుకుంటూ పోతే ఈ బాధ లేదు. కలపడానికి సరైన పద్ధతిని రోనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ 1938లో తమ గణాంక పట్టికల పుస్తకంలో కాగితం, పెన్సిలుతో చేసేలా ఇచ్చారు. 1964లో రిచర్డ్ డర్స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కు కుదించారు, డొనాల్డ్ కనూత్ పుస్తకం దాన్ని అందరికీ చేర్చింది. చివరి స్థానం నుంచి మొదలుపెట్టి, ఇంకా కలపని భాగంలో ఒకదాన్ని ర్యాండమ్‌గా ఎంచి ఆ స్థానంలోకి మార్చుకుంటూ రావడమే అందులో ఉన్నదంతా. నాలుగు వరుసల కోడ్.

ఆ నాలుగు వరుసలు కూడా రాయకుండా తప్పించుకుందామని మైక్రోసాఫ్ట్ పరువు పోగొట్టుకుంది. యూరోపియన్ కమిషన్‌తో 2009 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం విండోస్ వాడేవాళ్లకు ఏ బ్రౌజర్ కావాలో ఎంచుకునే తెర చూపించాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఒపేరా, సఫారీ ఐదూ ర్యాండమ్ వరుసలో రావాలి. 2010లో తెర వచ్చింది. కోడ్‌లో ఉన్నదల్లా జావాస్క్రిప్ట్ సార్ట్, దానికి ‘ఈ రెండింటిలో ఏది ముందు’ అని అడిగిన ప్రతిసారీ నాణెం ఎగరేసి చెప్పే ఒక ఫంక్షన్. సార్ట్ అనేది పోల్చేవాడు మాట మీద నిలబడతాడన్న నమ్మకంతో నడుస్తుంది. అడిగిన ప్రతిసారీ మాట మారిస్తే ఫలితం ర్యాండమ్ కాదు, ఆ బ్రౌజర్‌లోని సార్ట్ పద్ధతిని బట్టి ఏదో ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఐబీఎంలో పనిచేసే రాబ్ వియర్ లెక్కగట్టి చూపించారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ తెర తెరిస్తే అదే బ్రౌజర్ దాదాపు సగం సార్లు చిట్టచివర పడుతోంది. కుట్ర చేయాలనుకున్నవాడు తన సొంత సరుకును చివర పెట్టుకోడు కాబట్టి అది అజ్ఞానమేనని అందరూ ఒప్పుకున్నారు. మైక్రోసాఫ్ట్ వెంటనే సరిదిద్దింది. అదే సార్ట్‌లో ప్రతి ఆబ్జెక్టుకూ ముందుగా ఒక ర్యాండమ్ అంకె ఇచ్చి ఆ అంకెల వరుసలో సర్దితే ఏ దోషమూ లేదు, ఎందుకంటే అక్కడ అంకె ఒక్కసారే పుడుతుంది. జిల్లా క్విజ్‌లో జరిగిన తప్పూ, యూరప్ మొత్తానికి చూపించిన తెరలో జరిగిన తప్పూ ఒకటే జాతివి. ఒకసారి తేల్చుకోవలసినదాన్ని పదేపదే తేల్చడం.

జావాస్క్రిప్ట్‌లో చాయిస్ లాంటిది భాషలోనే లేదు. సున్నా నుంచి ఒకటి లోపు వచ్చే దశాంశాన్ని లిస్ట్ పొడవుతో గుణించి, కింది పూర్ణాంకానికి దించి, ఆ స్థానంలోని ఆబ్జెక్టును తీసుకోవాలి. దించడానికి బదులు రౌండ్ చేస్తే రెండు రకాల చిక్కులొస్తాయి. 33 జిల్లాల లిస్ట్‌లో 32తో గుణించి రౌండ్ చేస్తే మొదటి, చివరి జిల్లాలకు మిగతావాటిలో సగం అవకాశమే ఉంటుంది. 33తో గుణించి రౌండ్ చేస్తే సగటున 66 సార్లకు ఒకసారి లిస్ట్ దాటిపోయి, ఏమీ లేనిదాని పేరు అడిగి ప్రోగ్రామ్ కూలిపోతుంది. 66కు ఒకసారి కూలే ప్రోగ్రామ్‌ను సరిచేయడం ఎంత చిరాకో చేసినవాళ్లకు తెలుసు. సి భాషలో అలవాటుగా రాసే పద్ధతి వచ్చిన అంకెను లిస్ట్ పొడవుతో భాగించి శేషం తీసుకోవడం. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సి ఇచ్చే అంకెలు సున్నా నుంచి 32,767 వరకే. లిస్ట్‌లో 33 ఉంటే తేడా పట్టించుకోనక్కర్లేదు. 20,000 ఉంటే మొదటి 12,768 మందికి మిగతావారికంటే రెట్టింపు అవకాశం. పైథాన్ ఇక్కడ జాగ్రత్తగా ఉంటుంది. 33కు ఆరు బిట్లు చాలు, వాటితో 0 నుంచి 63 దాకా ఏదైనా రావచ్చు. 33 లేదా అంతకంటే పెద్దది వస్తే పారేసి మళ్లీ తీస్తుంది. అందుకే స్థానాన్ని సొంతంగా లెక్కగట్టుకోవడం మాని చాయిస్ వాడమని చెప్పేది.

లాటరీ యంత్రం లోపలికి కూడా ఒకసారి తొంగిచూద్దాం. పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్ వాడేది మెర్సెన్ ట్విస్టర్, జపాన్‌కు చెందిన మకోతో మత్సుమోతో, తకుజి నిషిమురా 1997లో రూపొందించినది. దాని అంకెల వరుస మళ్లీ మొదటికి రావాలంటే రెండుకు 19,937వ ఘాతం కంటే ఒకటి తక్కువైనన్ని అంకెలు గడవాలి. క్విజ్‌కు, ఆటకు, సర్వేకు ఇది చాలు. కానీ అది పూర్తిగా లెక్క. వరుసగా 624 అంకెలు చూసినవాడు తర్వాత వచ్చేవన్నీ చెప్పేయగలడు. భద్రతకు సంబంధించిన పనులకు దాన్ని వాడకూడదని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. అందుకోసం 3.6 నుంచి సీక్రెట్స్ అనే మాడ్యూల్ ఇచ్చారు, అందులోనూ చాయిస్ ఉంది, వాడే తీరు కూడా అదే. ఒక్క మాట మార్చితే పోయేదానికి బద్ధకించడం అనవసరం.

బద్ధకిస్తే ఏమవుతుందో 1999లో ప్లానెట్ పోకర్ అనే ఆన్‌లైన్ పేకాట చూపించింది. 52 ముక్కలను కలిపే తీరులు 8 పక్కన 67 సున్నాలంత ఉంటాయి. ఆ ప్రోగ్రామ్ మాత్రం అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ అంకెను సీడ్‌గా, అంటే లాటరీ యంత్రాన్ని మొదలుపెట్టే అంకెగా, పెట్టేది. రోజుకు మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలే, అంటే పేకలూ అన్నే రకాలు. అమెరికాలోని ఒక సాఫ్ట్‌వేర్ భద్రతా బృందం గడియారాన్ని సరిపోల్చుకుని, చేతిలో ముక్కలతో, బల్ల మీద తెరిచిన ముక్కలతో అందరి పేకా చెప్పేసింది. ఇంకో కథ అయోవాది. అమెరికా రాష్ట్రాల ఉమ్మడి లాటరీ సంస్థలో సమాచార భద్రత చూసే ఎడ్డీ టిప్టన్, అంకెలు తీసే ప్రోగ్రామ్‌లోనే కొన్ని ప్రత్యేక తేదీల్లో ఫలితం ముందే తెలిసేలా కోడ్ దాచాడు. 2010 డిసెంబరు 29న తీసిన కోటీ 65 లక్షల డాలర్ల టిక్కెట్టు అతను కొన్నదే. 2015లో దోషిగా తేలాడు, 2017లో నేరం ఒప్పుకున్నాడు. యంత్రం మంచిదా కాదా అన్న చర్చకు ఈ కథ కొసమెరుపు, ఎందుకంటే మంచి యంత్రాన్ని కాపలావాడే మార్చేశాడు.

సీడ్‌ను మనమే ఇవ్వడం అన్నిచోట్లా తప్పు కాదు. పరీక్షలకు, పరిశోధనకు అదే ఇవ్వాలి, అప్పుడే ఇవాళ వచ్చిన ఫలితం రేపూ వస్తుంది. ఇందులో ఒక గోతి ఉంది. సీడ్ ఒకటే అయినా లిస్ట్ వరుస మారితే తీసే ఆబ్జెక్ట్ మారిపోతుంది. స్ట్రింగుల సెట్‌ను లిస్ట్‌గా మార్చి అందులోంచి తీస్తే, ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ ఆ సెట్ వరుస వేరుగా ఉండవచ్చు. సీడ్‌ను తిట్టుకోకముందు లిస్ట్‌ను ఒక స్థిరమైన ఆట్రిబ్యూట్ ప్రకారం సర్దండి.

ఇంతవరకూ ఎంపిక ముందు, ఆట్రిబ్యూట్ తర్వాత. అసలు ఆసక్తి ఉన్నది ఆట్రిబ్యూటే ఎంపికను నడిపేచోట. జనాభా ఎక్కువ ఉన్న ఊరికి ఎక్కువ అవకాశం ఇవ్వాలనుకుందాం. చాయిసెస్‌కు ఊళ్ల జనాభాను తూకాలుగా ఇస్తే చాలు, అది లోపల వాటిని కూడుకుంటూ పోయి వెతుకుతుంది. కంప్యూటర్లు చేతికి రాని రోజుల్లో వేల ఊళ్ల జనాభాను అలా కూడుకుంటూ పోవడం నరకం. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డి.బి. లాహిరి 1951లో దానికి ఒక ఉపాయం ప్రచురించారు. ర్యాండమ్‌గా ఒక ఊరిని తీయండి. ఒకటి నుంచి అన్నిటికంటే పెద్ద ఊరి జనాభా వరకు ర్యాండమ్‌గా ఒక అంకె తీయండి. ఆ అంకె మీరు తీసిన ఊరి జనాభాను మించకపోతే ఊరు మీది, మించితే రెండూ పారేసి మళ్లీ మొదలుపెట్టండి. కూడిక ఒక్కటీ లేదు, ఊరికి తగ్గ అవకాశం దానంతటదే కుదురుతుంది. లిస్ట్‌లోంచి ఆబ్జెక్టును తీయడం, దాని ఆట్రిబ్యూట్ చూడడం అన్న రెండు పనులను ఇంత అందంగా ముడివేసిన కోడ్ నాకు ఇంకోటి కనబడలేదు. కోడ్ అంటున్నాను గానీ అది చేత్తో చేయడానికి పుట్టింది. ఇప్పుడు పైథాన్‌లో ఐదు వరుసలు. రాసేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటే, ఊరిని ఒకసారే తీసి, ఆ ఊరి జనాభానే చూడాలి. చాయిస్‌ను రెండుసార్లు పిలిస్తే లాహిరి పద్ధతీ కూలిపోతుంది.

ఇక లిస్ట్‌లో ఏం వేశాం అన్న ప్రశ్న. తెలుగు కుటుంబాలకు దీనికి అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీని మించిన దగ్గరి ఉదాహరణ ఉండదు. ఏటా సాధారణ కోటాలో 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. కోరేవాళ్లు అంతకంటే ఎక్కువ కాబట్టి కంప్యూటర్‌తో ర్యాండమ్ ఎంపిక. 2020 నుంచి ఇది 10 డాలర్ల ఎలక్ట్రానిక్ రిజిస్ట్రేషన్‌తో మొదలయ్యేది. లిస్ట్‌లో వేసింది మనుషులను కాదు, రిజిస్ట్రేషన్లను. ఒక మనిషి పేరు మీద ఐదు కంపెనీలు రిజిస్టర్ చేస్తే ఐదు చీటీలు. ఒక్కో చీటీకి నాలుగింట ఒక వంతు అవకాశం ఉందనుకుంటే ఐదు చీటీలున్నవారికి నూటికి 76 వంతుల దాకా అవకాశం వస్తుంది. 2023 మార్చిలో రిజిస్ట్రేషన్లు దాదాపు 7,80,000కు చేరాయి, అందులో 4,00,000కు పైగా ఒకటికంటే ఎక్కువ రిజిస్ట్రేషన్లు ఉన్నవారివే. యంత్రంలో రవ్వంత దోషం లేకపోయినా న్యాయం చెడింది.

2024 మార్చి నుంచి నిబంధన మార్చారు. పాస్‌పోర్ట్ ఆధారంగా ఒక మనిషికి ఒకటే చీటీ. ఆ ఏడు రిజిస్ట్రేషన్లు 4,80,000కు పడిపోయాయి. కోడ్ రాసేవాళ్లకు ఇందులో ఒక మంచి పాఠం ఉంది. డేటాక్లాస్‌తో చేసిన రెండు ఆబ్జెక్టులు సమానమా అని అడిగితే పైథాన్ అన్ని ఆట్రిబ్యూట్లూ పోల్చి చూస్తుంది. కంపెనీ పేరు వేరైతే రెండూ వేరే అంటుంది, మనిషి ఒకడే అయినా. ఎవరు ‘ఒకరు’ అన్నది భాష తేల్చదు, ఏ ఆట్రిబ్యూట్‌ను పట్టుకుని తేల్చాలో మనం చెప్పాలి. పాస్‌పోర్ట్ నంబరు కీగా డిక్షనరీ కట్టి, దాని విలువలను లిస్ట్‌గా తీసుకుని, అప్పుడు లాటరీ తీయాలి. 2025లో అమెరికా ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, వేతన స్థాయిని బట్టి నాలుగో స్థాయివారికి నాలుగు చీటీలు, మొదటి స్థాయివారికి ఒక్కటి అని ప్రతిపాదించింది. ఆట్రిబ్యూటే తూకం అన్నమాట. దాని మంచిచెడ్డలు రాజకీయ చర్చ. కోడ్‌లో మాత్రం అది తూకాలుగా ఇచ్చే ఇంకో లిస్ట్, అంతే. ఆ ఒక్క లిస్ట్‌తో కొత్తగా చదువు ముగించుకున్న కుర్రాడి తలరాత మారిపోతుంది.

మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీసినప్పుడు దరఖాస్తులు 90 వేల దాకా వచ్చాయి, ఒక్కోదానికి తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. ఎన్ని దరఖాస్తులైనా వేయవచ్చు. ఇక్కడ కూడా లిస్ట్‌లో ఉన్నది మనుషులు కాదు, దరఖాస్తులే. కానీ తూకం కొనుక్కోవచ్చన్నది అందరికీ ముందే తెలుసు, ఖజానాకు కావలసిందీ అదే. హెచ్-1బిలో తప్పైనది ఇక్కడ నిబంధన. ర్యాండమ్ ఎంపిక మాత్రం రెండుచోట్లా ఒకటే.

మరి చేత్తో తీసిన చీటీలు నమ్మదగినవా? అమెరికా 1969 డిసెంబరు 1న వియత్నాం యుద్ధానికి సైనికులను ఎంచడానికి 366 పుట్టినరోజులను గుళికల్లో పెట్టి తీసింది. గుళికలు సరిగా కలవలేదు, ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లకు ముందు వంతులు ఎక్కువగా పడ్డాయి. అయినా మన ఎన్నికల సంఘం ఒకచోట చీటీలనే నమ్ముకుంది. ఏ ఓటింగ్ యంత్రం ఏ పోలింగ్ కేంద్రానికి పోవాలో సాఫ్ట్‌వేర్‌తో రెండు విడతలుగా ర్యాండమ్‌గా తేలుస్తారు. ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించే కేంద్రాలను మాత్రం అభ్యర్థుల ఏజెంట్ల కళ్లముందు చీటీలు వేసి తీస్తారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు వేసిన పిటిషన్ మీద 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒకటిగా ఉన్న ఆ లెక్కను ఐదుకు పెంచింది. ఎంపిక సరిగా ఉండడం, సరిగా ఉందని ఎదుటివాడికి కనబడడం వేర్వేరు అవసరాలు. రెండోది ఇప్పటికీ కోడ్ సులువుగా తీర్చలేదు.

బడుల్లో, కాలేజీల్లో పైథాన్ చెప్పే మాస్టర్లకు ఒక విన్నపం. ర్యాండమ్ పాఠం వచ్చినప్పుడు చాయిస్ ఫంక్షన్ చూపించి వదిలేయకండి. ఒకే పేరు మూడుసార్లున్న లిస్ట్ ఇచ్చి, ఇందులో ఎవరికి అన్యాయం జరుగుతోందని ముందు అడగండి. తర్వాత తీసినదాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టించండి. ఆట్రిబ్యూట్లు ఆ తర్వాతే చదివించండి.